ఉసిరి రసంతో దిగులు పోతుందా? చిట్టెలుక చెప్పేదేమిటి?

ఆ మధ్య ఒక సాయంత్రం ఓపీ ముగించుకుని లేవబోతుంటే ఒకామె గబగబా లోపలికి వచ్చారు. వెనకాలే ఆమె భర్త. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆరు నెలల క్రితం దిగులు జబ్బుతో, అదే, అందరూ డిప్రెషన్ అంటున్నారే దానితో, నా దగ్గరకు వచ్చినవారే. మాత్రలు మొదలుపెట్టిన నెలన్నరకు నిద్ర పట్టింది. అన్నం సయించింది. మళ్ళీ బడికి వెళ్ళారు. ఆ తరవాత కనిపించడం మానేశారు.

"మాత్రలు మానేసి నెల దాటిందండీ డాక్టరు గారూ" అన్నారామె.

"ఎందుకు మానేశారు మాస్టారూ?" అని అడిగాను.

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల పేపరు ముక్క తీసి నా ముందు పెట్టారు. ఉసిరితో డిప్రెషన్ మాయమైపోతుందని పెద్ద అక్షరాల్లో హెడ్డింగు. కింద నాలుగే నాలుగు వాక్యాల వార్త. మూడో వాక్యంలో ఎక్కడో 'చిట్టెలుకల మీద' అన్న మాట ఉంది.

"కిలో బరువుకు 200 మిల్లీగ్రాములని రాశారండీ. నా బరువు 60 కిలోలు. అంటే రోజుకు 12 గ్రాములు. లెక్క చూసుకునే వాడుతున్నాను. చెట్టు మందు గదా, హాని ఉండదు" అన్నారు మాస్టారు. మాట మెల్లగా, తడబడుతూ వచ్చింది. ముఖంలో కళ లేదు.

ఆమె అందుకున్నారు: "మళ్ళీ నిద్ర పోయిందండీ. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. అయితే ఒకటి, ఈమధ్య మనిషికి పద్ధతి వచ్చింది. పోయిన వారం ఇన్సూరెన్సు కాగితాలూ, బ్యాంకు పుస్తకాలూ అన్నీ ఒక కవర్లో సర్ది, ఏది ఎక్కడుందో తెల్లకాగితం మీద రాసి నా చేతికిచ్చారు."

ఆ మాట వినగానే లేవబోయినవాణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చివర్లో చెబుతాను. ముందు ఆ పేపరు ముక్క సంగతి చూద్దాం. ఎందుకంటే అలాంటి ముక్కలు మీ ఇంట్లో కూడా ఏ కేలండరు వెనకో, పోపుల డబ్బా కిందో ఉండే ఉంటాయి. ఇవాళయితే సెల్‌ఫోన్లో రోజుకు పది వస్తున్నాయి.

ఇంటింటి ఉసిరి

ఉసిరికాయ మనకు కొత్తది కాదు. కార్తీక మాసం వచ్చిందంటే ఉసిరి చెట్టు కింద వనభోజనాలు. ఆ రోజుల్లోనే ఏడాదికి సరిపడా పచ్చడి జాడీకెక్కుతుంది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫలం. చ్యవనప్రాశకు ముఖ్య వస్తువు ఉసిరే. విటమిన్ 'సి' విషయంలో నారింజ, బత్తాయిలు దీని ముందు నిలవలేవు. ఇంత పేరున్న కాయను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలకు తీసుకువెళ్ళి పరీక్షించారంటే ఆశ్చర్యం లేదు. అది మంచి పనే.

మాస్టారి వార్తలోని 200 మిల్లీగ్రాముల అంకె గాలిలోంచి పుట్టింది కాదు. హర్యానాలోని హిసార్‌లో గురు జంభేశ్వర్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పరిశోధకులు ఉసిరి మీద చేసిన పరీక్ష 2012లో అచ్చయింది. వారు ఉసిరికాయ నుంచి నీటితో తీసిన సారాన్ని తెల్ల చిట్టెలుకలకు వరసగా 14 రోజులు నోటి ద్వారా ఇచ్చారు. కొన్నింటికి కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల చొప్పున, కొన్నింటికి 400 చొప్పున. వేరే చిట్టెలుకలకు మనుషులు వాడే ఇమిప్రమిన్, ఫ్లువాక్సెటిన్ వంటి మందులు ఇచ్చి పోల్చి చూశారు. ఉసిరి సారం ఆ మందులతో పోల్చదగినట్టుగానే పనిచేసిందని తేల్చారు.

విచిత్రమేమిటంటే, 400 కంటే 200 మోతాదే బాగా పనిచేసింది. 'మంచిదే గదా, ఇంకో గ్లాసు తాగుదాం' అనుకునేవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

ఇంతవరకు వార్తలో అబద్ధం లేదు. అయితే 'పనిచేసింది' అంటే ఏమిటి? చిట్టెలుక వచ్చి "నాకు దిగులు తగ్గింది" అని చెప్పదు గదా. మరి వారికెలా తెలిసింది?

చిట్టెలుకకు దిగులని ఎలా కనిపెడతారు?

దీనికి రెండు పరీక్షలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది ఈత పరీక్ష. పోర్సోల్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1977లో దీన్ని ప్రకటించారు. పొడుగాటి గాజు పాత్రలో నీళ్ళు పోసి చిట్టెలుకను వదులుతారు. పైకి ఎక్కడానికి దారి ఉండదు, కిందకు కాలు ఆనదు. మొదట అది గింజుకుంటుంది, గోడలు గీరుతుంది, గిరగిరా ఈదుతుంది. కాసేపటికి ప్రయత్నం మానేసి, ముక్కు మాత్రం నీటిపైన ఉంచి కదలకుండా తేలుతుంది. పరీక్ష మొత్తం 6 నిమిషాలు. అందులో చివరి 4 నిమిషాల్లో ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో లెక్కపెడతారు.

రెండోది తోక పరీక్ష. 1985లో వచ్చింది. తోక చివర టేపు అంటించి చిట్టెలుకను 6 నిమిషాలు తలకిందులుగా వేలాడదీస్తారు. ఇక్కడా అంతే. ఎంతసేపు గింజుకుంది, ఎంతసేపు ఊరుకుంది అన్నదే లెక్క.

మనుషుల డిప్రెషన్‌కు వాడే మందులు ముందుగా ఇస్తే చిట్టెలుక ఎక్కువసేపు గింజుకుంటుంది. త్వరగా ఓటమి ఒప్పుకోదు. కాబట్టి ఏదైనా కొత్త పదార్థం ఇచ్చినప్పుడు కూడా అలాగే జరిగితే, దీనిలోనూ అటువంటి గుణం ఉండవచ్చునని అనుమానిస్తారు. గమనించండి, అనుమానమే, నిర్ధారణ కాదు. ఇది రైల్వే స్టేషన్లో టిక్కెట్టు కొనడం వంటిది. టిక్కెట్టు కొన్నంత మాత్రాన ఊరు చేరినట్టు కాదు.

ఇక్కడ మోసపోయే దారులు కూడా ఉన్నాయి. చిట్టెలుకకు కాఫీలోని కెఫీన్ ఇచ్చినా ఎక్కువ కదులుతుంది. అది దిగులు తగ్గి కాదు, ఒళ్ళు ఊరుకోక. అందుకే మంచి పరిశోధకులు విడిగా మామూలు పెట్టెలో వదిలి, ఊరికే తిరగడం పెరిగిందా అని కూడా చూస్తారు. హిసార్ వారు అలా చూశారు. మామూలు తిరుగుడులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి అది ఉత్త హుషారు కాదని చెప్పగలిగారు. ఆ తరవాత మెదడును పరీక్షిస్తే, మోనో అమైన్ ఆక్సిడేజ్-ఏ అనే ఎంజైము జోరు తగ్గినట్టు కనిపించింది. మెదడులో సెరటోనిన్, నార్ ఎడ్రినలిన్ అనే రసాయనాలుంటాయి. నరాల కణాల మధ్య కబుర్లు మోసేవి అవే. వాటిని విరగ్గొట్టేది ఈ ఎంజైము. దాని జోరు తగ్గితే ఆ రసాయనాలు కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి. పాతకాలపు డిప్రెషన్ మందులు కొన్ని పనిచేసేది ఈ పద్ధతిలోనే.

కాబట్టి అది చేతకాని పరీక్ష కాదు. పద్ధతిగా చేసిందే. కాని ఎంత పద్ధతిగా చేసినా చిట్టెలుక చిట్టెలుకే. మీ ఇంట్లో దిగులు పడ్డ మనిషిని ఒకసారి తలచుకోండి. 'నేనెందుకూ పనికిరాను' అన్న భావన, రేపటి మీద ఆశ చచ్చిపోవడం, పిల్లవాడి ఫీజు కట్టలేకపోయానన్న బాధ, ఇవేవీ గాజు పాత్రలో కనపడేవి కావు. పైగా చిట్టెలుక కదలకుండా తేలడం నిరాశా, లేక గింజుకుని లాభం లేదని తెలుసుకుని శక్తి దాచుకునే తెలివా అన్న వాదన శాస్త్రజ్ఞుల్లోనే ఉంది. ఇంకొక తేడా చూడండి. ఈ మందులు ఈత పరీక్షలో ఒకే రోజు ఇచ్చినా ఫలితం చూపిస్తాయి. మనిషికయితే రెండు మూడు వారాలయినా పడుతుంది. రెండూ ఒకటే అయితే ఇంత తేడా ఎందుకుంటుంది?

మూగజీవాన్ని ఇలా నీళ్ళలో వదలవచ్చునా అని మీలో చాలామందికి మనసు చివుక్కుమని ఉంటుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఇటువంటి ప్రయోగాలకు నైతిక సంఘం అనుమతి కావాలి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమయితే 2024లో ఈత పరీక్షనే చట్టం చేసి నిషేధించింది.

మాస్టారి లెక్క ఎక్కడ తప్పింది?

ఇప్పుడు మాస్టారి 12 గ్రాముల సంగతికి వద్దాం. 60ని 200తో హెచ్చిస్తే 12,000 మిల్లీగ్రాములు, అంటే 12 గ్రాములు. లెక్క తప్పు లేదు. తప్పు సూత్రంలో ఉంది.

చిట్టెలుక బరువు సుమారు 25 గ్రాములు. చిన్న ప్రాణి కనుక దాని గుండె వేగంగా కొట్టుకుంటుంది. తిన్నది వేగంగా అరుగుతుంది. మందు కూడా వేగంగా కరిగిపోతుంది. అందుకని కిలో లెక్కన చూస్తే చిట్టెలుకకు మనకంటే చాలా ఎక్కువ మందు కావాలి. చిట్టెలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు దాదాపు 12తో భాగించడం పరిశోధకుల పద్ధతి. శరీరం పైభాగపు వైశాల్యాన్ని బట్టి వచ్చిన లెక్క ఇది. ఆ ప్రకారం కిలోకు 200 మిల్లీగ్రాములు మనిషికి కిలోకు 16 అవుతుంది. 60 కిలోల మాస్టారికి మొత్తం ఒక గ్రాము లోపే. మనుషుల మీద మొట్టమొదటి పరీక్షల్లో అయితే అటువంటి అంకెను కూడా మామూలుగా ఇంకా పదో వంతుకు తగ్గించి మొదలుపెడతారు. మాస్టారు తీసుకుంటున్నది దానికి 12 రెట్లు!

ఇది కాగితం మీద చెప్పినప్పుడు ఆయన తల పంకించారు. ఆ గదిలోకి వచ్చాక ఆయన కళ్ళలో మెరుపు కనిపించింది ఆ ఒక్క క్షణమే.

మరి ఒక గ్రాము తాగితే సరిపోతుందా అంటే, అదీ కాదు. దేనిలో ఒక గ్రాము? ప్రయోగశాలలో వాడింది ఉసిరి రసం కాదు, సారం. కాయల పొడిని నీటిలో నానబెట్టో, కాచో, వడకట్టి, నీటిని ఇగిరిస్తే మిగిలే గట్టి పదార్థం. నీటికి బదులు స్పిరిటుతో తీస్తే వేరే పదార్థాలు దిగుతాయి. మీరు మిక్సీలో వేసి పిండిన రసం ఒకటి, బజారులో సీసా రసం ఇంకొకటి, ఎండబెట్టిన ఉసిరి పొడి మరొకటి. అన్నిటి మీదా 'ఉసిరి' అనే ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు.

పేరుతోనే ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్ళలో ఉసిరి అంటే మూడు రకాలు. పచ్చడి పెట్టే పెద్ద ఉసిరి ఒకటి. గుత్తులుగా కాసే పులుపు రాచ ఉసిరి రెండోది. పొలం గట్ల మీద జానెడెత్తు మొలిచే నేల ఉసిరి మూడోది. నేల ఉసిరిని కామెర్లకు పసరుగా ఇస్తారు, మీకు తెలిసిందే. మూడూ దగ్గరి చుట్టాలే గాని మూడూ వేరు వేరు మొక్కలు. పరీక్ష జరిగింది పెద్ద ఉసిరి మీద. ఎవరో చెప్పారని నేల ఉసిరి పసరు తాగుతూ 'డిప్రెషన్‌కు మందు వాడుతున్నా' నన్నవారు కూడా నాకు తగిలారు.

చెట్టు నుంచి మాత్ర దాకా

అయితే చెట్ల మందులన్నీ ఒట్టివేనా? అలా నేనంటే నా నోరే నొచ్చుకుంటుంది. సర్పగంధ కథ వినండి.

సర్పగంధ వేరును మన దేశంలో పిచ్చికీ, నిద్ర పట్టకపోవడానికీ తరతరాలుగా వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గుణాల గురించి శాస్త్రీయంగా రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులకు దాన్ని వాడి చూసి, ఫలితాలను 1949లో ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించాడు. 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్ అనే అసలు పదార్థాన్ని విడదీశారు. ప్రపంచమంతా దాన్ని రక్తపోటుకు వాడింది. ఒక చెట్టు వేరుకు అంతటి గౌరవం దక్కింది.

కాని కథ అక్కడితో ఆగలేదు. రెసర్పిన్ వాడిన కొందరిలో విపరీతమైన దిగులు కనిపిస్తోందని వైద్యులు రాయడం మొదలుపెట్టారు. చిట్టెలుకలకు ఇస్తే అవి రెప్పలు వాల్చి, ఒళ్ళు చల్లబడి, ముడుచుకు కూర్చునేవి. ఇమిప్రమిన్ ఇస్తే ఆ స్థితి తిరగబడేది. అలా సర్పగంధే ఒకప్పుడు కొత్త డిప్రెషన్ మందుల్ని వెదికే పరీక్షకు సాధనమయింది. మేలు చేసినదీ ఆ చెట్టే, దిగులు తెచ్చిందన్న మాట పడ్డదీ ఆ చెట్టే. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన హాని లేదనుకోకూడదని ఇంతకంటే చక్కగా చెప్పే కథ లేదు.

ఇంకో మాట. మొట్టమొదటి డిప్రెషన్ మందుల్ని కనిపెట్టింది చిట్టెలుకలు కావు, మనుషులే. 1950ల మొదట్లో న్యూయార్కులో క్షయ రోగులకు ఐప్రోనియజిడ్ అనే మందు ఇస్తే, దగ్గు సంగతి అలా ఉంచి, రోగులు హుషారుగా తిరగసాగారు. వైద్యులు అది గమనించారు. కొన్నేళ్ళకు కాలేయానికి హాని చేస్తున్నదని ఆ మందును వాడుకలోంచి తీసేశారు. స్విట్జర్లండులో రోలండ్ కూన్ అనే వైద్యుడు వేరే మానసిక వ్యాధి కోసం ఇచ్చిన ఇమిప్రమిన్, దిగులు రోగుల మీద పనిచేస్తున్నట్టు కనిపెట్టి 1957లో ప్రకటించాడు. ఇద్దరి విషయంలోనూ నిజం తేలింది రోగి పక్కన కూర్చుని చూసినప్పుడే.

మనుషుల మీద పరీక్ష ఎందుకంత ముఖ్యమంటే, మనిషికి నమ్మకం ఉంటుంది. డిప్రెషన్ రోగులకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినా, నూటికి ముప్ఫయి నలభై మందికి ఎంతో కొంత మెరుగవుతుంది. డాక్టరు మాట, ఇంట్లోవారి శ్రద్ధ, కాలం, ఇవన్నీ కలిసి చేసే పని అది. అందుకని సగం మందికి మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్త మాత్ర ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో రోగికీ డాక్టరుకీ తెలియకుండా పరీక్షించాలి. ఇప్పుడు మనం రాసే మాత్రలు ఆ పరీక్షకు నిలిచినవి. 2018లో 21 రకాల డిప్రెషన్ మందుల మీద జరిగిన 522 పరీక్షల్ని కలిపి లెక్క కట్టారు. లక్షా పదహారు వేల మందికి పైగా రోగుల వివరాలవి. 21 మందులూ ఉత్త మాత్ర కంటే మెరుగని తేలింది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. ఉసిరి ఇంకా ఆ గడప తొక్కలేదు. డిప్రెషన్ చికిత్సకు వైద్యులు అనుసరించే పట్టికల్లో ఉసిరి లేదు.

'చెట్టు మందు గదా!'

యూరపులో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క ఉంది. తేలికపాటి డిప్రెషన్‌కు అది పనిచేస్తుందని మనుషుల మీద పరీక్షల్లోనే కనిపించింది. అయితే అదే మొక్క, వేసుకున్న ఇతర మందుల్ని కాలేయం త్వరగా కరిగించేలా చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, మూత్రపిండం మార్చినవారి మందులు దానివల్ల బలం కోల్పోతాయి. డిప్రెషన్ మాత్రలతో కలిపితే ప్రమాదం. పనిచేసే మందు ఏదైనా హాని కూడా చేయగలదు. ఏ హానీ చేయలేనిది సాధారణంగా పని కూడా చేయదు.

ఉసిరికీ ఇదే తర్కం. అది నిజంగానే మనిషిలో ఆ ఎంజైమును తగ్గించేంత బలమైనదయితే, డిప్రెషన్ మాత్రలతో పాటు గ్లాసులకు గ్లాసులు తాగడం జాగ్రత్త పడవలసిన విషయమే. ఆ జాతి పాత మందులు వాడుతూ నిలవ చీజ్ తిన్నవారికి రక్తపోటు ఒక్కసారిగా పెరిగి ప్రాణాల మీదకు వచ్చిన సంగతి 1960లలోనే వైద్యులు చూశారు. అంత బలం లేనిదయితే, మాత్రలు మాని దాని మీద ఆధారపడటం ఇంకా పెద్ద ప్రమాదం. ఎటు చూసినా మాస్టారు చేసిన పని సరికాదు.

ఇది దిగులా, దిగులు జబ్బా?

కష్టం వస్తే దిగులు పడని మనిషి లేడు. అది జబ్బు కాదు. కింది వాటిలో కొన్ని కలిసి, రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి:

– మనసు ఎప్పుడూ భారంగా ఉండటం, ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం.
– నిద్ర పట్టకపోవడం, మరీ తెల్లవారుజామునే మెలకువ రావడం, లేదా అదే పనిగా నిద్ర.
– ఆకలి పోవడం, బరువు తగ్గడం. కొందరికి పెరగడం.
– ఏ పనీ చేయకుండానే అలసట. మాటలో, నడకలో మందకొడితనం.
– 'నా వల్లనే అంతా చెడింది' అన్న అపరాధ భావం.
– చదివింది ఎక్కకపోవడం, చిన్న విషయానికి కూడా తేల్చుకోలేకపోవడం.
– చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన.

ఆడవారిలో ఇది 'ఒళ్ళంతా నొప్పులు, నీరసం' రూపంలోనూ, మగవారిలో చిరాకు, తాగుడు రూపంలోనూ బయటపడుతుంటుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి-12 విటమిన్ లోపం కూడా ఇలాగే కనపడవచ్చు. కాబట్టి రక్తపరీక్ష అవసరం. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో ప్రతి 20 మంది పెద్దవారిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడినవారే. అంటే మీ వీధిలోనే ఉంటారు. సిగ్గు పడవలసిందేమీ లేదు.

మాత్రలు మొదలుపెట్టాక రెండు నుంచి నాలుగు వారాలకు గాని గుణం తెలియదు. మొదటి వారంలో వికారం, కడుపులో తిప్పడం ఉండవచ్చు. బాగయిన తరవాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. చాలామంది పొరబాటు ఇక్కడే. వాన తగ్గిందని గొడుగు అవతల పారేసినట్టు, బాగుంది గదా అని మాత్రలు ఆపేస్తారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర చెడడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టుండటం జరగవచ్చు. జబ్బు తిరగబెట్టవచ్చు. మానాలనుకుంటే డాక్టరుతో చెప్పి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానాలి. మాత్రతో పాటు మనసు విప్పి మాట్లాడే చికిత్స, రోజూ అరగంట నడక, వేళకు నిద్ర కూడా వైద్యమే. తేలికపాటి డిప్రెషన్‌కయితే మాత్ర లేకుండా ఇవే సరిపోవచ్చు.

ఉసిరిని ఎలా తినాలి?

ఆహారంగా, హాయిగా. రోజుకు ఒకటి రెండు కాయలు పచ్చివో, పప్పులోనో, పులిహోరలోనో, తొక్కుగానో తినండి. రక్తపోటు ఉన్నవారు ఊరగాయలో ఉప్పును, షుగరు ఉన్నవారు మురబ్బాలో పంచదారను మరచిపోవద్దు. షుగరు మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవారు, మూత్రపిండంలో రాళ్ళున్నవారు సీసాల్లో అమ్మే రసాలు, పొడులు మొదలుపెట్టే ముందు డాక్టరుతో చెప్పండి. డిప్రెషన్ మాత్రలు వేసుకునేవారు ఉసిరి పచ్చడి మానవలసిన పని లేదు. పచ్చడిని మాత్రకు బదులు మాత్రం చేయకండి.

ఇక ముందు ఇటువంటి వార్త కంటపడితే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. పరీక్ష చేసింది ఎవరి మీద, చిట్టెలుక మీదా, మనిషి మీదా? ఇచ్చింది ఏమిటి, కాయా, రసమా, సారమా? దేనితో పోల్చి చూశారు? నేను వాడే మందుతో దానికి పేచీ ఉందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికేదాకా ఆ ముక్కను జేబులోనే ఉంచండి. మాత్రల డబ్బాను మాత్రం గట్టు దించకండి.

ఆ కవరు సంగతి

ఇప్పుడు చెబుతాను, నేను మళ్ళీ ఎందుకు కూర్చున్నానో. దిగులు జబ్బు ఉన్న మనిషి ఉన్నట్టుండి కాగితాలు సర్ది, లెక్కలు అప్పగించి, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, అది పద్ధతి కాదు, సెలవు పుచ్చుకోవడం. ఆమెను కాసేపు బయట కూర్చోమని, మాస్టారిని సూటిగానే అడిగాను: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా మాస్టారూ?"

చాలాసేపు నేల చూపులు చూశారు. తరవాత తలూపారు. ఆ తరవాత ఏడ్చారు.

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడిగితే మనిషి బరువు దించుకుంటాడు. ఆ ఆలోచన ఉందని తెలిస్తే ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, నిద్రమాత్రలు, తాళ్ళు అందుబాటులో ఉంచకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ సహాయ కేంద్రం ఉంది. 14416కు పగలయినా రాత్రయినా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు ఖర్చు లేదు.

మాస్టారికి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం. మొదటి నెల మాత్రల డబ్బా ఆమె దగ్గరే ఉంచుకున్నారు. వారం వారం వచ్చారు. ఐదో వారానికి తెల్లవారుజామున మెలకువ రావడం తగ్గింది. ఆ కవరు మళ్ళీ బీరువాలో పాత చోటికి వెళ్ళింది. పోయినసారి వచ్చినప్పుడు ఆయన ఒక చిన్న జాడీ నా బల్ల మీద పెట్టి, "ఉసిరి తొక్కండీ, అన్నంలోకి. మోతాదు మీ ఇష్టం" అన్నారు.